వెనక బోగీలు

గుంతకల్లు నుంచి వచ్చే పగటి బండి ఆ రోజుల్లో ధర్మవరంలో రెండుగా తెగేది. ముందు బోగీలు పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరుకు పోయేవి. మైసూరు పోవాల్సినవాళ్లు బెంగళూరులో బండి మారేవాళ్లు. వెనక బోగీలను ఊడదీసి, వాటికి వేరే ఇంజను తగిలించి, కదిరి, పాకాల మీదుగా తిరుపతికి పంపేవాళ్లు. దూరం పోయేవాళ్లు బోగీకి తగిలించిన పలక చదివి, పోర్టరును అడిగి, ఎందుకైనా మంచిదని మళ్లీ ఒకసారి పలక చదివి ఎక్కేవాళ్లు. మా ధర్మవరం వాళ్లు మాత్రం ఏదీ చదివేవాళ్లు కాదు. అనంతపురంలో ఏ బోగీ ఎక్కినా అది ధర్మవరం దాకా వచ్చి తీరాల్సిందే కదా. కాలికి ఏది తగిలితే అది ఎక్కి, కూర్చున్న చోటే ఒక కునుకు తీసి, ఊరు రాగానే దిగిపోయేవాళ్లు. ఎప్పుడో ఒకసారి ధర్మవరం దాటి పోవాల్సి వచ్చినప్పుడు ఈ పొగరు దిగేది. హిందూపురంలో పెండ్లికని బయలుదేరి, విస్తట్లో ఓళిగల కల కంటూ కదిరిలో తేలినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

సంజీవప్ప కొడుకు ఆదినారాయణ కూడా ఆ కోవలోవాడేనని మా ఊళ్లో చెప్పుకుంటారు. "బోగీ తప్పెక్కి కతలు రాసేవాడయినాడు" అని నవ్వుతారు. నవ్వేవాళ్లదేం పోయింది. ఆ రోజు ఆ బోగీలో ఒంటరిగా కూర్చున్నవాడికి తెలుసు అది ఎంత నవ్వులాటో.

సంజీవప్ప పట్టుచీరలు నేసేవాడు. ఆదినారాయణకు ఊహ తెలియకముందే తల్లి పోయింది. అక్క వెంకటసుబ్బమ్మ వాడికంటే ఎనిమిదేండ్లు పెద్ద. వాడికి తల దువ్వింది, అన్నం పెట్టింది, అవసరమైనప్పుడు వీపు చిట్లగొట్టింది. ఆమెను హిందూపురానికిచ్చి పెండ్లి చేసేనాటికి వాడు పన్నెండేండ్లవాడు. ధర్మవరం ఇంట్లో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. సంజీవప్పకు మాటంటే పట్టుపోగు. ఊరికే తెంపడు. మొగుడు పోయి పుట్టింట్లో ఉంటున్న మేనత్త చౌడక్కకు కోపం వస్తే తప్ప నోరు లేవదు. అక్క అత్తారింటికి పోయాక ఇంట్లో మగ్గం చప్పుడొక్కటే మిగిలింది. బడి నుంచి వచ్చి ఆ చప్పుడులో కూర్చుంటే వాడికి గుండె బరువెక్కేది.

పెద్ద అంచు చీరకు ఇద్దరు కావాలి. నడుమ కూర్చున్నవాడు చీర నేస్తే, కుడిపక్క కూర్చున్నవాడు అంచు రంగు పోగు పోసే నాడె విసరాలి. అక్క పోయాక ఆ కుడిపక్క చోటు ఆదినారాయణకు వచ్చింది. నాయన పక్కనే కూర్చుని సాయంత్రమంతా ఒక్క మాట లేకుండా నాడె విసరడం వాడివల్ల కాలేదు. ఒక రోజు ఉండబట్టలేక కథ మొదలుపెట్టాడు. బడికి పోయే దారిలో చూసిన ఒక ముసలామెకు లేనిపోని కష్టాలన్నీ తగిలించి చెప్పాడు. సంజీవప్ప బాగుందనలేదు, బాగాలేదనలేదు. కాని కథ రక్తికట్టిన చోట ఆయన నాడె నెమ్మదించేది. తేలిపోయిన చోట చకచకా నడిచేది. అది చూసుకుని వాడు కథ దిద్దుకునేవాడు. తర్వాత వాడి జీవితంలో చాలామంది విమర్శకులు తగిలారు గాని, ఆ నాడెకు సరితూగినవాడు ఒక్కడూ లేడు.

ఇది ఒక పక్క. ఇంకో పక్క పెరట్లో రంగులు కాచే బాన. తెల్ల పట్టు ఆ బానలో మునిగి కుంకుమ రంగులో పైకి లేస్తుంటే వాడు బడి మరిచిపోయి చూసేవాడు. పసుపుకు సున్నం తగిలితే ఎందుకు ఎర్రబడుతుందని నాయనను అడిగితే "తగిల్తే ఎర్రబడతాది" అన్నాడు. ఎందుకో అనంతపురం కాలేజీలో చెప్పారు. ఆ రోజు వాడు హాస్టలుకు గంతులేసుకుంటూ వచ్చాడు. బి.ఎస్సీ. రసాయనశాస్త్రంలో మొదటి తరగతిలో ప్యాసయ్యాడు. అదే ఏడు ఒక వారపత్రికలో వాడి కథ కూడా పడింది. 1961లో మా వీధిలో ఒకే మనిషికి ఈ రెండూ జరగడం కోడిగుడ్డులో రెండు సొనలు దొరికినట్టే. అందరూ చూసి మెచ్చుకున్నారు. ఏం చేసుకోవాలో మాత్రం ఎవరికీ తెలియలేదు.

మైసూరు విశ్వవిద్యాలయానికి ఎం.ఎస్సీ. కోసం రాశాడు, సీటు వచ్చింది. తిరుపతి విశ్వవిద్యాలయానికి తెలుగు ఎం.ఏ. కోసం రాశాడు, అక్కడా వచ్చింది. రెండింటిలోనూ ఒకే వారంలో చేరాలి. ఎవరైనా ఒకచోట రాకపోతే బాధపడతారు. వీడు రెండుచోట్లా వచ్చిందని మంచం పట్టాడు.

వాడి బాధ నిజమైనదే. లాబొరేటరీ అంటే వాడికి ప్రాణం. అక్కడ ఎవరు కలిపినా అదే రంగు రావాలి. రాకపోతే పక్కవాడు "ఎక్కడో తప్పావబ్బా" అంటాడు. పక్కన ఎప్పుడూ ఒకడుంటాడు. కథ రాసేటప్పుడు పక్కన ఎవడూ ఉండడు. తప్పయిందో ఒప్పయిందో చెప్పేవాడు లేడు. కాగితం ముందు కూర్చున్న ప్రతిసారీ అక్క పోయిన మరుసటి రోజు ఇల్లు గుర్తొచ్చేది వాడికి. అయినా రాయకుండా ఉండలేడు. రాస్తే ఒంటరితనం, రాయకపోతే ఊపిరాడదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

నాయనను అడిగాడు.

"నాకేం తెలుస్తాదప్పా? నువ్వు సదువుకున్నోడివి" అన్నాడు సంజీవప్ప, పడుగు మీద నుంచి తలెత్తకుండా.

చౌడక్కను అడిగాడు. "మైసూరులో దసరా బాగుంటాదంట" అంది ఆమె. అంతకుమించి రెండు విశ్వవిద్యాలయాలకూ తేడా ఆమెకు కనిపించలేదు.

ఇక రైలెక్కి పెనుకొండ పోయాడు. ధర్మవరం హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయిన రామాంజినేయులు అయ్యవారు అక్కడ కొండ కింది వీధిలో ఉంటున్నాడు. వాడి చేత మొదటిసారి కథ కాగితం మీద పెట్టించిన మనిషి. తెలుగు పండితుడు కాబట్టి తిరుపతే అంటాడని, అంటే బాగుండునని, అంటే ఏం చేయాలోనని దారి పొడవునా కొట్టుకున్నాడు.

అయ్యవారు అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, అంతా విని, ఒక్క ముక్కలో తేల్చేశాడు. "మైసూరికే పో."

"మీరే అట్ల అంటే ఎట్ల సార్?"

"నేను గాక ఎవురంటారప్పా? ముప్పై ఏండ్లు తెలుగు చెప్పినా. నాకు తెలుగొస్తాదని మా ఇంట్లోవాళ్లకే తెల్దు. కత ఎప్పుడన్నా రాసుకోవచ్చు, ఈ అరుగు మీద కూసోని రాసుకోవచ్చు. యాసిడ్లూ గీసిడ్లూ ఇంట్లో పెట్టుకుంటే నీ పెండ్లాం ఊరుకుంటాదా? ఇంట్లో కుదరందేదో అది బయట నేర్చుకో."

మాట సబబుగానే ఉంది. వాడు లేచి నమస్కారం పెట్టి వీధి మలుపు దాకా పోయాక వెనక నుంచి అయ్యవారు కేకేశాడు. "రేయ్, పోయినసారి సగం చెప్తివే, గొర్రెలు తోలుకోని పోతాడే, ఆ గొర్రెలాయప్ప కత, వాడు చివరికి ఇంటికొచ్చినాడా లేదా?"

"ఇంకా తెల్దు సార్."

"తెల్సినాక రాసి పంపు" అన్నాడు అయ్యవారు. అన్నాక, తను ఇప్పుడే ఇచ్చిన సలహా గుర్తొచ్చిందో ఏమో, మొహం తిప్పుకుని లోపలికి పోయాడు.

అదే రోజు తర్వాతి బండికి హిందూపురం చేరాడు. అక్క మొగుడు బెల్లం మండీలో పని చేసేవాడు. మండీ వెనక వీధిలోనే ఇల్లు. గాలంతా బెల్లం వాసన, గడపంతా ఈగలు. అక్క అత్తగారికి కన్నడం తప్ప రాదు, వచ్చినా మాట్లాడదు. పెండ్లయి ఎనిమిదేండ్లయినా అక్కకు పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఆమె నడిచే తీరులోనే ఆ సంగతి తెలిసిపోయేది. పుట్టింట్లో గలగలా తిరిగిన మనిషి ఇక్కడ గోడవార నడిచేది.

పిల్లల్లేకపోవడం వల్ల ఇంకో కష్టం కూడా ఉంది. సంజీవప్ప వాళ్లలో ఒక ఆచారం. కూతురికి ఒక కాన్పు అయ్యేదాకా కన్నతండ్రి ఆమె ఇంట్లో మెతుకు ముట్టరాదు, నీళ్లు తాగరాదు. రెండేండ్లకు పోయే ఆచారం వెంకటసుబ్బమ్మ విషయంలో ఎనిమిదేండ్లు నిలబడిపోయింది. ఒకసారి సంజీవప్ప పని మీద హిందూపురం వచ్చి గుమ్మం బయట నిలబడితే ఆమె చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆయన చెంబు వంక చూసి, కూతురి వంక చూసి, "దప్పిక లేదమ్మా" అని వెళ్లిపోయాడు. అది మే నెల. మళ్లీ ఆ గుమ్మం వైపు రాలేదు.

తమ్ముడు చెప్పిందంతా విని వెంకటసుబ్బమ్మ కండ్లు పెద్దవి చేసింది. "దీంట్లో ఆలోచించేదేముండాది? మైసూరు బండి మా ఊరి మీదనే పోతాది. ఈడ ఇంజనుకు నీళ్లు పడతారు, చానాసేపు నిలబడతాది. నువ్వు పొయ్యేటప్పుడూ వచ్చేటప్పుడూ కూడు తెచ్చి కిటికీలో ఇస్తా. నీ మొగం చూసినట్లుంటాది. తిరుపతికి పోతే యాడ చూసేది నిన్ను?"

"చదువు సంగతి అడిగితే కూడు సంగతి చెప్తావేందక్కా?"

"నాకు తెల్సింది అదే కదరా. అట్లనే రోంత కన్నడం నేర్చుకో. మా అత్తకు నా తరపున రెండు జవాబులు చెప్దువు" అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కండ్లు తుడుచుకుంది. "ఈ ఊర్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒక్కరు లేర్రా ఆదీ. నువ్వు కిటికీలోనుంచి అక్కా అంటే సాలు."

ఆ మాటతో వాడి పని అయిపోయింది. తిరుగు బండిలో మైసూరుకే పోవాలని తీర్మానించుకున్నాడు. ఇక్కడ నాకు చిరాకు. సలహా కోసం వీడు పోయిన మనుషులందరి ఇండ్లూ మైసూరు దారి మీదే ఉన్నాయి. వాళ్లు ఇంకేం చెప్తారు? కదిరి దారిలో అడగడానికి వీడికి ఒక్క మనిషైనా లేడు. ఆ దారి తరపున మాట్లాడేవాడే లేకుండా పంచాయితీ జరిగిపోయింది.

చేరే రోజుకు ముందురోజు దాకా అనంతపురం కాలేజీలో సర్టిఫికెట్లు చేతికి రాలేదు. అందుకని తెల్లవారి అనంతపురం పోయి, అవి తీసుకుని, పగటి బండికి అట్నుంచి అటే మైసూరు పోవాలని ఏర్పాటు. బండి ధర్మవరంలో బోగీలు ఊడదీసేదాకా నిలబడుతుంది కాబట్టి నాయన పెట్టె, పరుపుచుట్ట స్టేషనుకు తెస్తాడు. హిందూపురంలో అక్క కూడు తెస్తుంది. అంతా కుదిరింది. అనంతపురంలో మైసూరుకు టికెట్టు తీసుకున్నాడు. బండి వచ్చింది. కాలికి తగిలిన బోగీ ఎక్కి, కిటికీ పక్కన కూర్చున్నాడు.

పలక చూశాడా అని నన్నడగొద్దు. అది వాడికే తెలియదు. ధర్మవరం వాడు పలక చూడడనేది నిజం. చూడకూడదనుకున్నవాడు కూడా చూడడనేది ఇంకో నిజం.

ధర్మవరంలో బండి ఆగింది. నాయన కోసం కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. ప్లాట్‌ఫారం ఆ చివర, ఇంజను దగ్గర, రేకుపెట్టె భుజం మీద పెట్టుకుని, పరుపుచుట్ట చంకన ఇరికించుకుని సంజీవప్ప ఒక్కో కిటికీలోకి తొంగి చూస్తున్నాడు. నేత మీద నుంచి లేచి వచ్చినట్టున్నాడు, భుజాన తువ్వాలు తప్ప ఒంటి మీద చొక్కా లేదు. ముందు బోగీలన్నీ వెతికి, వెనక్కి వచ్చి, చివరికి కొడుకును చూశాడు. బోగీ పలక వంక చూశాడు. పెట్టె దించలేదు.

"మైసూరంటివే" అన్నాడు. "ముందర అంతా ఎతికినా. ఇది తిరుపతి బోగీ గదప్పా."

ఆదినారాయణ చప్పున లేచాడు. "అలవాటుగా ఎక్కేసినా నాయనా. పద, ముందరికి పోదాం" అని గబగబా దిగాడు.

సంజీవప్ప పెట్టెతో ముందు నడిచాడు. వెనక ఆదినారాయణ. బండి తెగే చోట ఇద్దరు కూలీలు కిందికి దిగి గొలుసు ఊడదీస్తున్నారు. "ఓ!" అని కేకేశారు. ముందు బోగీలు ఒక్క కుదుపు కుదిపి కొంచెం ముందుకు జరిగాయి. రెండు బోగీల నడుమ, అంతవరకు లేని ఎండ, పట్టాల మీద పడింది.

వాడు అక్కడే ఆగిపోయాడు.

సంజీవప్ప చాలా దూరం పోయి, ముందు బోగీ మెట్టు మీద పెట్టె ఆనించి వెనక్కి తిరిగి చూస్తే కొడుకు లేడు. ఎండ పడిన ఆ సందు దగ్గర నిలబడి ఉన్నాడు. మళ్లీ పెట్టె భుజానికెత్తుకుని వచ్చాడు.

"ఏమప్పా?"

"పోలేను నాయనా."

"కాలు నొప్పా?"

"కాదు. నాకు తిరుపతి పోవాలనుండాది. మొదట్నించీ ఉండాది. భయపడి ఎవురెవురినో అడుగుతా తిరిగినా." వాడు వెనక బోగీల వైపు చెయ్యి చూపాడు. "ఆ దారిలో నాకు ఒక్క మనిషి లేడు నాయనా. రాసేదానికి కూసుంటే ఒక్కనే ఉండల్ల. ఒక్కనే ఉండేది నాతో కాదనిపిస్తాది. మైసూరు సదువు మీద ఇష్టం లేదని కాదు. కానీ నేను ఆ బండెక్కేది సదువు కోసరం కాదు, ఒక్కనే ఉండలేక."

సంజీవప్ప పెట్టె దించి దాని మీద కూర్చున్నాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. కూలీలు గొలుసు పక్కకు వేసి బీడీ ముట్టించారు. అప్పుడు మాట్లాడాడు సంజీవప్ప.

"నువ్వు అనంతపురం పొయ్యినాక కుడిపక్క మీ అత్త కూసుంటాండాది. బాగానే ఇసురుతాది. తప్పు లేదు." తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. "నువ్వు చెప్పే కత లేక, మూడేండ్లు ఉత్త నాడె ఇసిరినా."

ఆదినారాయణ నాయన మొహం వంక చూశాడు. ఆయన పట్టాల వంక చూస్తున్నాడు.

"ఒక్కనే ఉండేది కష్టమే" అన్నాడు సంజీవప్ప. "నేను లేనా? నువ్వూ ఉంటావు. పో."

ఆయన నోటి నుంచి ఏకబిగిన అన్ని మాటలు రావడం ఆదినారాయణ ఎన్నడూ వినలేదు. ఏడుపు ఆపుకుందామని చూశాడు గాని ఆగలేదు. చిన్నపిల్లవాడిలా మోచేత్తో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకుంటుండగానే అసలు సంగతి గుర్తొచ్చింది.

"అక్క! అక్క కూడు పట్టుకోని నిలబడింటాది!"

సంజీవప్పకూ అప్పుడే తట్టినట్టుంది. చెప్పడానికి దారి లేదు. టెలిగ్రాం ఇచ్చినా అది ఇల్లు చేరేసరికి ఆమె స్టేషనులో ఉంటుంది. ఆమె ప్రతి కిటికీ వెతుకుతుంది, బండి పోయాక కూడా నిలబడుతుంది. ఆ మనిషి ఎలా నిలబడుతుందో ఇద్దరికీ కండ్లకు కట్టింది. ముందు ఇంజను కూత వేసింది.

ఆదినారాయణ పెట్టె మీద చెయ్యి వేశాడు. "వద్దులే నాయనా, మైసూరికే పోతా. అక్క..."

"నీ టికెట్టు ఇట్లియ్యి" అన్నాడు సంజీవప్ప.

"ఎందుకు?"

"హిందూపురం దాకా నేను పోతా."

"నువ్వా?" వాడు నోరు తెరిచాడు. "అక్క దగ్గరికా? మన ఆచారం..."

సంజీవప్ప తువ్వాలు విప్పి భుజాల నిండా కప్పుకున్నాడు. అంతకంటే మర్యాదగా తయారవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. "టేషను ఆమె ఇల్లు కాదు గదా" అన్నాడు.

టికెట్టు అందుకుని పరుగులాంటి నడకతో పోయి, కదులుతున్న బోగీ కడ్డీ పట్టుకుని ఎక్కాడు. చెయ్యి ఊపడం ఆయనకు రాదు. తలుపు దగ్గర నిలబడి చూశాడంతే. ముందు బోగీలు వంపు తిరిగి కనబడకుండా పోయాయి. వెనక బోగీలు ఇంజను లేక ఎండలో మిగిలిపోయాయి. ఆదినారాయణ తిరుపతికి టికెట్టు కొనుక్కొచ్చి, తను దిగిన బోగీలోకే పెట్టె ఎక్కించాడు. బోగీలో ఎవరూ లేరు. ధర్మవరం వాళ్లంతా దిగిపోయారు, తిరుపతి పోయేవాళ్లు ఇంకా నీడన టీ తాగుతున్నారు. వాడు అదే కిటికీ పక్కన కూర్చున్నాడు.

హిందూపురంలో బండి ఆగేసరికి వెంకటసుబ్బమ్మ క్యారియరు ఒక చేత, నీళ్ల చెంబు ఒక చేత పట్టుకుని "ఆదీ, ఓ ఆదీ" అని పిలుస్తూ కిటికీల వెంట వస్తోంది. ఒక కిటికీలో తండ్రి మొహం కనబడింది. చెంబులో నీళ్లు సగం ఒలికిపోయాయి.

"నాయనా! ఏమైంది? తమ్మునికేమైంది? చౌడక్కత్త బాగుండాదా?"

"అందురూ బాగుండారు. వాడు ఎనక బోగీ ఎక్కినాడు. తిరుపతికి పోతాండాడు" అంటూ దిగాడు సంజీవప్ప. "కావాలనే ఎక్కినాడులే. నీకు చెప్పిపోదామని నేను వస్తి."

వెంకటసుబ్బమ్మ క్యారియరు వంక చూసింది. తెల్లవారకముందే లేచి చేసిన చిత్రాన్నం, బెల్లం ఓళిగలు, అత్తగారు చూడకుండా పోసిన నెయ్యి. మొహం పక్కకు తిప్పుకుంది.

సంజీవప్ప వేపచెట్టు కింది బల్ల మీద కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ఆకలైతాందమ్మా" అన్నాడు.

ఆమె ముందు నమ్మలేదు. "ఇంటికి రా నాయనా" అనబోయి ఆగింది. ఆయన బల్లను అరచేత్తో తట్టి చూపించాడు. అప్పుడు అర్థమైంది ఆమెకు. క్యారియరు మూత తిరగేసి, దాంట్లో చిత్రాన్నం పెట్టి, రెండు చేతులతో అందించింది. పెండ్లయ్యాక కన్నతండ్రికి అన్నం పెట్టడం అదే మొదలు. ఆయన తిన్నాడు. చెంబులో మిగిలిన నీళ్లు తాగాడు, ఒక్క చుక్క కింద పడనీయకుండా. ఆమె కండ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, వడ్డిస్తూనే ఉంది. బెంగళూరు బండి ఎప్పుడు కదిలిపోయిందో ఇద్దరూ చూడలేదు.

"ఇంతకీ వాడేం సదువుతాడంట?"

"కతలు."

"కతలకు సదువెందుకు? చిన్నప్పట్నుంచీ చెప్తానే ఉండాడు గదా."

"సదవల్లనంట."

ఆమె ఓళిగ తుంచి మూతలో పెట్టింది. "ఆ దారిలో వానికి ఎవరుండారు నాయనా?"

సంజీవప్ప మూత ముందుకు జరిపి, "ఇంకొకటి పెట్టు" అన్నాడు.

ఆ సాయంత్రం కదిరిలో తిరుపతి బండి నిలబడి ఉంది. ఆదినారాయణ పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి ప్లాట్‌ఫారం ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు. ఎవరెవరో ఎవరెవరినో పేరు పెట్టి పిలుచుకుంటున్నారు. వాడిని పిలిచేవాళ్లు లేరు. దిగులు మరిచిపోదామని గొర్రెలాయప్ప కథ ఎక్కడ ఆగిందో అక్కడ అందుకుని, పెదవులు కదిలీ కదలకుండా తనకు తానే చెప్పుకోసాగాడు. గొర్రెలాయప్ప ఇంటికి వచ్చాడు. గడపలో ఎవరూ లేరు. ఆ మాట దగ్గర వాడు అలవాటు కొద్దీ ఆగి, ఎడమపక్క నాయన నాడె నెమ్మదించిందా అని చెవి పెట్టి విన్నాడు.

పక్క బల్ల ఖాళీగా ఉంది. బాగుందో బాగాలేదో తెలియలేదు. వాడు ఏడ్చాడు. దిగలేదు. బండి కదిలింది. చెంపలు తుడుచుకుని, ఆ తర్వాత గొర్రెలాయప్ప ఏం చేశాడో చెప్పుకోవడం మొదలుపెట్టాడు.